తవిటమ్మ కండ

నమోదు 1

ఫిజియాలజీ ప్రాక్టికల్ మొదటి క్లాసులోనే జగ్గునాయుడు మాస్టారు ఒక నియమం పెట్టారు. డిగ్రీ రెండో ఏడాది పిల్లలందరూ తమ ఒంట్లో జరిగేదంతా రాసుకుంటూ పోవాలి. ఆకలి, నిద్ర, నాడి, చెమట, ఏదైనా సరే. ఆయన చదవరు. రాశామా లేదా అని చూసి సంతకం పెడతారు, అంతే. మంచిది. ఈ రోజు నా ఒంట్లో జరిగింది కుళ్ళు. ఇంకేమీ జరగలేదు.

దానికి కారణం నా బెంచీలో నా పక్కన కూర్చునే తవిటమ్మ. మనిషి పొడుగు, వేళ్ళు పొడుగు, నాడి నెమ్మది. మా ఎర్రదిబ్బ ఊళ్ళో పుట్టి బతికిన మొదటి పిల్లల్లో ఒకతి. ఆమెకు ముందు పుట్టినవాళ్ళెవరూ ఈ గ్రహం మీద నిలవలేదు. బిడ్డను తవుడుకు అమ్మినట్టు అమ్మి మళ్ళీ కొనుక్కుంటే బతుకుతుందని భీమిలి వైపు పెద్దల నమ్మకం. ఇక్కడ వరే పండదు, తవుడెక్కడిది? ఓడ అడుగున బస్తాలు దులిపి, ఊడ్చి, పోగేసి కొని, ఆ తవుడు పేరే పెట్టారట. ఆ కథ చెప్పుకుంటూ ఊరంతా ఆమెను ముద్దుచేస్తుంది. నేనూ అమ్మా తర్వాత వచ్చిన ఓడ దిగినవాళ్ళం. మమ్మల్ని ఎవరూ దేనికీ కొనలేదు.

ఈ రోజు అందరి తొడల్లోంచి సూదితో చిటికెడు కండ తీశారు. గాజుగొట్టంలో పోషకాలు కలిపిన ఉప్పునీళ్ళలో పెంచితే అది మెల్లగా అరచేయంత రిబ్బను అవుతుంది. దాన్ని కొక్కేలకు వేలాడదీసి, కరెంటుతో గిచ్చి, ఎలా ముడుచుకుంటుందో, ఎప్పుడు అలిసిపోతుందో చూడడమే ఈ ఏడాది చదువు. అయితే ఎవరి కండను వాళ్ళు పెంచకూడదు. పక్కవాళ్ళది పెంచాలి. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, సొంతదైతే దొంగచాటుగా పంచదార ఎక్కువ పోస్తారని ఈ ఏర్పాటు. కాబట్టి తవిటమ్మ కండ నా చేతిలో పడింది, నా కండ తవిటమ్మ చేతిలో పడింది.

నమోదు 3

అమ్మ గుండె మెత్తబడిందని డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది.

చెప్పకపోయినా నాకు తెలుసు. మా ఊళ్ళో మనిషి బరువు భూమి మీద ఉన్నదాంట్లో మూడో వంతుకు కాస్త ఎక్కువ. అందుకే ఇనుపరజను కుట్టిన బరువుచొక్కాలు వేసుకుని తిరుగుతాం. బరువు మోయని కండ పిండైపోతుందని బడిలో చేరకముందే నేర్పుతారు. అమ్మ పనిచేసేది ఊరి వంటశాలలో. చొక్కా వేసుకోమని ఎన్నిసార్లు పోట్లాడానో లెక్కలేదు.

"పొయ్యి కాడ ఇనపచొక్కా ఏటే? నాను ఉడికిపోతే నీకు అన్నం ఎవులెడతారు?" అంటుంది. చొక్కా మేకుకు, అమ్మ పొయ్యి దగ్గర. ఏళ్ళ తరబడి అంతే. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆయాసం.

దీనికి మందు గుండెకట్టు. పెంచిన కండను గుండె చుట్టూ చుట్టి కుట్టేస్తారు, గుండె కొట్టుకున్నప్పుడల్లా అది కూడా ముడుచుకుని సాయం పడుతుంది. ఊళ్ళో కండ పెంచే గొట్టాలు మా ల్యాబులో తప్ప లేవు. ఇంతకుముందు కట్టిన కట్లు ఏడాది తిరక్కుండానే అలిసిపోయాయి. కాబట్టి ఈసారి అలసట పరీక్షలో ఎక్కువసేపు నిలిచిన కండే కావాలని డాక్టరమ్మ పట్టు. జాతకాలు చూసినట్టు క్లాసులో అందరి రక్తమూ చూశారు. అమ్మతో పొంతన కుదిరింది ఇద్దరికే. కూతుర్ని కాబట్టి నాకు. ఏమీ కాకపోయినా తవిటమ్మకు.

ఈ మాట చెప్తే అమ్మ మురిసిపోయింది. "ఇద్దరున్నారా! మరింకేటి భయం? ఎవులిదైతే ఏటే, కొట్టుకుంటే సాలు" అంది. తవిటమ్మకు తల్లి లేదు, పూటపూటా మా వంటశాలకే వస్తుంది. అప్పుడూ అక్కడే ఉంది. అమ్మ చోడి అంబలి కుండ అడుగున అంటుకున్న మాడు గీకి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. చిన్నప్పటినుంచీ ఆ మాడు నాది.

నమోదు 8

కణత్వచం గురించి పాఠం. కణం చుట్టూ ఉండే పల్చటి పొర తనకు కావలసింది లోపల ఉంచుకుంటుంది, అక్కర్లేనిదాన్ని బయటికి తోస్తుంది. ఆ పని ఊరికే జరగదు, అనుక్షణం శక్తి ఖర్చుపెట్టి తోడుతూనే ఉండాలి. తోడడం ఆగితే కణం పోతుంది. మా ఇంటికి అలాంటి పొర లేదు. తవిటమ్మ తలుపు కూడా తట్టకుండా లోపలికి వచ్చేస్తుంది.

మధ్యాహ్నం మొదటి అలసట పరీక్ష పెట్టారు. రిబ్బనుకు కరెంటు గిచ్చుళ్ళు వరసగా ఇస్తారు. అది ముడుచుకున్నప్పుడల్లా తిరిగే డ్రమ్ముకు చుట్టిన కాగితంపై కలం ఒక గీత పైకి గీస్తుంది. గీతలు పొట్టివై, పొట్టివై, చివరికి కలం కదలదు. నా కండ గీతలు తొందరగానే మరుగుజ్జులయ్యాయి. తవిటమ్మవి ఇంకాసేపు ఆడాయి. తేడా పెద్దదేం కాదు. కానీ తేడా తేడాయే.

"ఇక్కడ పుట్టిన కండ కదా," అన్నారు మాస్టారు.

అమ్మకు చెప్తే, "నాను సెప్పలే? అది బంగారు గుంట," అంది. అది బంగారు పిల్లయితే నేను మట్టిగుంటనా అని అడగలేదు. అమ్మ గుండె చుట్టూ నా కండ ఉండాలి. ఆ గుండె కింద తొమ్మిది నెలలు పడుకున్నది నేను. ఇందులో శాస్త్రం లేదని నాకు తెలుసు. అయినా పరాయి పిల్ల కండ మా అమ్మ గుండెను రాత్రీ పగలూ పట్టుకుని కూర్చుంటుందంటే నాకు తిన్నది అరగడం లేదు. కడుపుమంట అంటే ఉత్త మాట కాదు. జీర్ణరసాల పాఠంలో అడగాలి.

నమోదు 12

ఈ రోజు ఒక పని చేశాను.

కండకు రోజూ ఒక చిన్న ఇత్తడి బరువు తగిలించి కాసేపు ఉంచి తీసెయ్యాలని ల్యాబు పుస్తకంలో ఉంది. పుస్తకం, బరువుల పెట్టె, డ్రమ్ము, అన్నీ మొదటి ఓడలో కలిసి వచ్చినవే. పేజీలు అతుకులు పడ్డాయి గానీ మాకు అదే వేదం. అందులో కామా ఉన్నచోట మాస్టారు ఆగి ఊపిరి కూడా పీలుస్తారు.

క్లాసు అయ్యాక అందరూ వెళ్ళారు. తవిటమ్మ కండకు నీళ్ళు మార్చాను. ఒక బరువు తగిలించాను. తర్వాత రెండోది. తర్వాత మూడోది. రిబ్బను సాగి, సన్నబడి, వణికింది. కరెంటు మీట కూడా ఆపకుండా అలాగే వదిలేశాను. తెగితే తెగనీ, పోతే పోనీ అనుకున్నాను. అమ్మకు నాది ఉంది కదా.

నాడి చూసుకున్నాను. దడదడలాడుతోంది. అరచేతుల్లో చెమట. నియమం ప్రకారం రాస్తున్నాను.

నమోదు 13

పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళి బరువులు తీసేశాను. తవిటమ్మ కండ వాడిపోయిన తోటకూర కాడలా వేలాడుతోంది. గిచ్చితే కలం కాస్త ఊగి ఊరుకుంది. నాకు సంతోషం వేసింది. ఒట్టు, సంతోషమే వేసింది.

తవిటమ్మ చూసి, "ఏటైనాదే నా దానికి?" అంది.

"ఏమో, జలుబు చేసిందేమో," అన్నాను.

పకపకా నవ్వింది. ఆ నవ్వు చూడడానికి ఎంత బాగుంటుందో, నాకు అంత ఒళ్ళుమంట. తర్వాత నా కండ దగ్గరికి పోయి, తగిలించిన బరువు నిమిషం కాకుండానే తీసేసింది. "పాపం, నిన్న అలిసిపోనాది. ఇయాల పడుకోనీ," అంటూ గాజును వేలితో జోకొట్టింది. పంచదార నీళ్ళు కూడా పోసింది. పక్కవాళ్ళ దానికి దొంగచాటుగా పంచదార పోసేది ఆ భూమి మీదా, ఈ గ్రహం మీదా ఆమె ఒక్కతే.

సాయంత్రం భయం పట్టుకుంది. ఇద్దరి కండలుంటేనే అమ్మకు ధైర్యం. ఒకదాన్ని నేను చంపుతున్నాను. నాది కూడా చాలకపోతే? రేపటినుంచి ఒకే బరువు వేస్తానని అనుకున్నాను.

నమోదు 19

వేయలేదు. మూడే వేస్తున్నాను.

మర్నాడు మానేద్దామనే వెళ్ళాను. దారిలో వంటశాలకు తొంగిచూస్తే అమ్మ తవిటమ్మ జడ వేస్తోంది. "ఎంత ఒత్తుగున్నాదే నీ జుత్తు. మా పోలిది ఎలకతోక," అంటోంది. పోలి అంటే నేను, పోలేశ్వరిని. ఎలకతోక నాదే. నేరుగా ల్యాబుకు వెళ్ళి మూడు బరువులూ వేశాను. ఆ తర్వాత రోజూ అదే పని. ఒక రోజు మాడు, ఒక రోజు జడ, ఒక రోజు ఆ నవ్వు. సాకుకు కరువు లేదు.

విచిత్రం ఏమిటంటే, ఆ వాడిపోయిన కండ మళ్ళీ లేచింది. లేవడమే కాదు, మందంగా అయింది. అంచులు ఎర్రబడ్డాయి. మూడు బరువులు వేసినా ఇప్పుడు వణకడం లేదు, హాయిగా పట్టుకుని నిలబడుతోంది. ఇంత ఏడిపించినా దానికి రోషం తప్ప నీరసం రాలేదు. అంతా పుట్టుక, ఎర్రదిబ్బ పుట్టుక. ఆ పిల్లకు ఒళ్ళే కాదు, ఒంట్లోంచి తీసిన ముక్క కూడా అదృష్టవంతురాలే.

కోపం పట్టలేక నాలుగోది కూడా తగిలించాను.

నమోదు 27

అమ్మ పడిపోయింది. అంబలి కలుపుతూ పొయ్యి పక్కకు ఒరిగిపోయిందట. దేవుడు చల్లగా చూశాడు, అంబలి మీద పడలేదు. మొదట పరుగెత్తుకెళ్ళి ఎత్తుకున్నది తవిటమ్మే. నేను వెళ్ళేసరికి అమ్మ తల ఆమె ఒళ్ళో ఉంది. ఆ క్షణంలో కూడా నా కళ్ళు ముందు ఆ ఒడినే చూశాయి, తర్వాత అమ్మను. ఇది కూడా ఒంట్లో జరిగిందే కాబట్టి రాశాను.

ఇంక ఆగడానికి లేదంది డాక్టరమ్మ. ఎల్లుండి ఆపరేషన్. అలసట పరీక్ష వెంటనే పెట్టమంది.

క్లాసంతా చుట్టూ మూగింది. ముందు నా కండ. తెల్లగా, మెత్తగా, పంచదార తిని బలిసిన చంటిపిల్లలా ఉంది. గీతలు నాలుగు బాగా లేచాయి, తర్వాత వాలిపోయాయి. మొదటి పరీక్షలో నిలిచినంత కూడా నిలవలేదు. తర్వాత తవిటమ్మది. కలం లేచింది, దిగింది, లేచింది, దిగింది. పిల్లలు నిలబడి నిలబడి కూర్చున్నారు. గీతల ఎత్తు తగ్గదు. చివరికి డ్రమ్ము మీద కాగితం అయిపోయింది. కలం ఇత్తడి మీద గీకుతూ ఇంకా ఆడుతూనే ఉంది.

అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు తవిటమ్మ వైపు తిరిగి, "శభాష్," అన్నారు.

"నానేటి చేసినాను మాస్టారూ? పెంచింది పోలి," అంది తవిటమ్మ. అందరూ నా వైపు చూశారు. ఈసారి చప్పట్లు నాకు.

మాస్టారు నా దగ్గరికి వచ్చారు. "అమ్మా పోలేశ్వరీ, సరిగ్గా చెప్పు. గుండెకు కుట్టేదాకా దీన్ని అలవాటైన బరువు మీదే ఉంచాలి. తక్కువైతే సడలిపోద్ది, ఎక్కువైతే పీచు తెగిపోద్ది. ఎంత బిగువుగా కట్టాలో డాక్టరమ్మ కూడా దాన్నిబట్టే చూసుకుంటాది. పుస్తకంలో ఉన్నట్టే రోజూ ఒక్క బరువేనా?"

అవునంటే చాలు. మంచిదాన్నని పేరు వస్తుంది. కానీ నాలుగు బరువులకు అలవాటుపడ్డ కండను ఒకటి అనుకుని వదులుగా కడితే అమ్మ గుండె చుట్టూ అది జారిపోతుంది.

"నాలుగు," అన్నాను.

"నాలుగేటి?"

"నాలుగు బరువులు, మాస్టారూ. మొదట మూడు. కరెంటు కూడా ఎక్కువసేపు. రోజూ."

"ఎందుకలా?"

"తెగిపోవాలని."

గదిలో అందరూ ఉన్నారు. తవిటమ్మ నవ్వు ముఖం మీదే ఆగిపోయి, మెల్లగా పోయింది.

"నా కండ తెగిపోవాలనా?"

"అవును."

"మీయమ్మకి కట్టాల్సిందని తెలిసే?"

"నాది ఉంది కదా అనుకున్నాను."

"నీదాన్ని నాను చంటిగుంటలాగ సూసినానే పోలీ," అంది. బయటికి వెళ్ళిపోయింది.

నన్ను తిడతారని చూస్తే మాస్టారు నా వైపే చూడడం లేదు. పెట్టెలోంచి ఒక ఇత్తడి బరువు తీసి అరచేతిలో ఎగరేస్తున్నారు. ఎగరేసి, పట్టుకుని, మళ్ళీ ఎగరేసి, కుర్చీలో కూలబడ్డారు.

"ఇవి భూమి బరువులు," అన్నారు. "అక్కడ ఒకటి లాగినంత లాగాలంటే ఇక్కడ మూడు వెయ్యాలి. మనం చొక్కాల్లో ఇనుము కుట్టుకున్నాం. ఈ గొట్టాల్లో మాత్రం పుస్తకం చెప్పిందని ఒక్కటే వేసినాం. ఇన్నేళ్ళూ పిండి కండలు పెంచి జనం గుండెలకు కట్టినాం." ఆయన బరువును బల్ల మీద పెట్టేశారు. "చిన్నపిల్లలకు నేర్పే ముక్క. నాకు తట్టనేదు."

ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. నేను చేసింది తెలివితో కాదు.

నమోదు 28

ఆసుపత్రిలో గొట్టం పక్కన కూర్చుని నాలుగు బరువులూ నేనే వేస్తున్నాను. వేరేవాళ్ళ చెయ్యి దానికి కొత్త, వద్దన్నారు మాస్టారు. ఇంతకాలం ఇది తెగాలని వేశాను, ఇప్పుడు తెగకూడదని వేస్తున్నాను. బరువులు అవే, కొక్కెం అదే. చెయ్యీ అదే.

కుళ్ళు పోయిందా అంటే పోలేదు. రేపటినుంచి అమ్మ ఒంట్లో ఉండేది ఇదే కదా. దానితో నెమ్మదిగా మాట్లాడి చూశాను. "అమ్మ చొక్కా వేసుకోదు, నువ్వే గట్టిగా ఉండాలి," అన్నాను. తర్వాత ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాను.

తవిటమ్మ వంటశాలకు కూడా రాలేదట. అమ్మ అడిగింది, "ఆ గుంట తిన్నాదా?" అని. ఏం చేశానో అమ్మకు చెప్పేశాను. అమ్మ నా వైపు ఒత్తిగిల్లింది.

"నా మీద నీకు అంత పేణమేటే?" అంది.

ఏడుపొచ్చింది. "మరి ఆ మాడు ఎందుకు దానికి పెట్టావు?" అన్నాను. ఇంత వయసొచ్చి అడగాల్సిన ప్రశ్న కాదు.

"దానికి అడగడానికి అమ్మ నేదు కదే, ఎర్రిమొకమా. నివ్వు లాక్కుని తింటావు. అది పెడితేనే తింటాది," అంది అమ్మ.

నమోదు 31

అమ్మకు మెలకువ వచ్చింది. కట్టు నిలిచింది. డాక్టరమ్మ స్టెతస్కోపు చెవిలో పెట్టుకుని విని, నా చెవిలో కూడా పెట్టింది. అమ్మ గుండె చప్పుడు, దాని వెనకే, దాన్ని అందుకుంటూ ఇంకో చిన్న బిగింపు. ఒకసారి కూడా తప్పడం లేదు.

కళ్ళు తెరవకుండానే అమ్మ, "పోలీ," అంది. "ఇక్కడే ఉన్నాను," అన్నాను. "అంబలి మాడిపోతాది, సూడు," అని మళ్ళీ పడుకుంది. తలుపు దగ్గర పొడుగాటి నీడ ఒకటి కదిలినట్టు అనిపించింది. నేను తిరిగి చూసేసరికి ఎవరూ లేరు.

సాయంత్రానికి పూర్తిగా తెలివొచ్చాక మాత్రం, "ఆ గుంటేదే? దాని కండ భలే పనిమంతురాలు, నన్ను పడుకోనివ్వట్లేదు," అంది. వచ్చింది మళ్ళీ నా కడుపుమంట.

నమోదు 34

ల్యాబుకు వెళ్ళాను. మాస్టారు పుస్తకంలో ఒక్క బరువు వెయ్యమన్న పేజీ మీద ఎర్ర సిరాతో పెద్ద అడ్డగీత కొట్టి గోడకు అంటించారు. పాత కట్లు కట్టించుకున్నవాళ్ళకు మళ్ళీ కట్లు కావాలి. మొదటి వరసలో ఉన్న మనిషికి పొంతన కుదిరింది నా కండతోనేనట. ఆ పిండిముద్ద ముందు గట్టిపడాలి.

బెంచీ దగ్గర తవిటమ్మ ఉంది. నాకు వీపు పెట్టి నా కండ ముందు నిలబడింది. గొట్టంలో నా రిబ్బను సన్నగా సాగి వణికిపోతోంది. దాని కింద నాలుగు బరువులు వేలాడుతున్నాయి.

"తెంపుతావా?" అన్నాను.

"తెగితే తెగనీ," అంది, తిరక్కుండానే.

నేను పక్కన కూర్చున్నాను.

"ఆ రోజు తలుపు కాడ నానే ఉన్నాను," అంది. "మీయమ్మ లోన కొట్టుకుంతున్నది నా కండ. ఆవిడ కళ్ళు కూడా తెరవనేదు. నీ పేరు పిలిచినాది." ఇప్పుడు నా వైపు తిరిగింది. "నాకు కుళ్ళొచ్చీసినాదే పోలీ. ఇంతకుముందెప్పుడూ రానేదు. ఇలగుంటాదేటి ఇది? నిద్దరట్టదు, తిండి దిగదు. నివ్వు ఇన్నాళ్ళూ ఎలగ బతికినావే?"

ఆమె మణికట్టు పట్టుకుని నాడి చూశాను. ఎప్పుడూ నింపాదిగా నడిచే ఆ నాడి నాదానికంటే వేగంగా పరిగెడుతోంది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

అమ్మ నాతో పంపిన మాడు పొట్లం విప్పి ఆమె ముందు పెట్టాను. నాకు మిగల్చకుండా మొత్తం తినేసింది. పెట్టెలో ఇంకో బరువు ఉంది. తీసి ఆమె చేతికిచ్చాను.